ఆగి ఆగి కదిలే బండి

బండి బాగుచేసేవాడి దగ్గర అబద్ధాలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. గట్టు దిగి చేలో పడ్డ బండిని తెచ్చి "ఊరికే నిలబెడితే సొట్ట పడిందండి" అంటారు. ఇంజను నిండా నీళ్ళు పట్టించుకొచ్చి "నాలుగు చినుకులు పడ్డాయండి, అంతే" అంటారు. వాళ్ళు చెప్పకపోయినా బండి చెప్పేస్తుంది. ఆ సంగతి తెలియక నా పొద్దంతా పాడుచేస్తారు.

సత్యవతమ్మగారు కూడా నాతో అబద్ధమే చెప్పారు. రెండు నెలలపాటు, ఎంతో మర్యాదగా, మాట మాటకీ ఒక 'అండీ' చేర్చి మరీ చెప్పారు. ఆవిడ మీద మాత్రం కోపం నిలుపుకోవడం నా వల్ల కాలేదు.

నా పేరు దేవరాజు. తాడేపల్లిగూడెంలో ఏలూరు వైపు వెళ్ళే రోడ్డు మీద నాకో షెడ్డు ఉంది. ముప్పై రెండేళ్ళుగా గేరుబాక్సులే నా పని. మాది క్రైస్తవ కుటుంబం, మా నాన్నగారు మిషన్ బడిలో పంతులు. దయ్యాలు, గాలి, ధూళి అంటూ వచ్చేవాళ్ళని షెడ్డు గుమ్మం ఎక్కనివ్వను. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను.

సత్యవతమ్మగారి పుట్టిల్లు నల్లజర్ల దగ్గర మెట్ట ఊరు. పంతొమ్మిదో ఏట పెళ్ళయి, గుండుగొలను నుంచి కొల్లేటి వైపు దిగే రోడ్డులో ఒక లంక ఊరికి కాపురానికి వచ్చారు. ఎటు చూసినా నీళ్ళే. "మొదటి ఏడాదంతా మంచం మీద పడుకుంటే పడవలో పడుకున్నట్టే ఉండేదండి" అని ఒకసారి నాతో అన్నారు. భర్త వీర్రాజుగారు మొదట్లో వరి వేసేవారు. తర్వాత ఆ పొలాలే చేపల చెరువులయ్యాయి. నాలుగు చెరువులు. పనివాళ్ళకి వంట చేయడం, తవుడు మేత కలిపించడం, ఏ చెరువుకి ఎన్ని సంచులు వెళ్ళాలో చూసుకోవడం, అన్నీ ఆవిడే. మనిషి నా భుజం దాకా కూడా రారు. వీర్రాజుగారు ఆరడుగుల పైమాటే.

ఇరవై ఏళ్ళు పాత జీపులో గట్ల మీద తిరిగిన వీర్రాజుగారు రెండున్నరేళ్ళ కిందట పెద్ద బండి కొన్నారు. ఏడుగురు కూర్చునేది, లారీకి తమ్ముడిలా ఉంటుంది. గేర్లు అవే మార్చుకుంటాయి. హైవే మీద పరుగెత్తడానికి చేసిన బండిని ఈయన పొద్దున్నా సాయంత్రం చెరువు గట్ల మీద ఎద్దుబండిలా నడిపారు. జీపు అలవాటు పోలేదు మరి. కాస్త నొక్కడం, ఆగడం, బండి అందుకుందనిపించాక మళ్ళీ నొక్కడం. మా వైపు చెరువుల రైతులు చాలామంది ఇంతే. గట్టు మెత్తగా ఉంటుంది, ఒక్కసారిగా తొక్కితే చక్రం జారి నీళ్ళలోకి పోతుంది. నలభై ఎనిమిదేళ్ళ భార్యకి కూడా ఆయన అలాగే నేర్పారు. నొక్కు, ఆగు, ఇప్పుడు నొక్కు.

కిందటి మార్చిలో ఒక ఉదయం, మేత చూసుకుని వస్తూ, మూడో చెరువు గట్టు మీద బండి పక్కకి తీసి, గేరు పార్కులో వేసి, సీట్లోనే ప్రాణం వదిలారు. గంట తర్వాత మనుషులు వెళ్ళి చూసేసరికి ఇంజను ఇంకా నడుస్తూనే ఉందట.

అక్టోబరులో ఆ బండి నా షెడ్డుకి వచ్చింది. తెచ్చింది వాళ్ళమ్మాయి రమ్యశ్రీ. ఇక్కడే ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. తండ్రి పోయాక ఆ బండిలోనే రోజూ వచ్చి వెళుతోంది. పక్క సీట్లో సత్యవతమ్మగారు కూర్చుని ఉన్నారు.

"అంకుల్, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినా ఒక్కోసారి కదలదు" అంది రమ్య. "రెండు లెక్కపెట్టేదాకా ఏదో ఆలోచిస్తున్నట్టు ఉండిపోతుంది. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో తోసినట్టు దూకుతుంది. గేరు మారినప్పుడల్లా బండంతా అదురుతుంది."

"కంపెనీ సర్వీసువాళ్ళు ఏమన్నారు?"

"కంప్యూటరులో తప్పేమీ చూపించట్లేదన్నారు. ఈ పెద్ద బండ్లు ఇంతే, అలవాటు పడాలన్నారు."

అలవాటు పడాలట. చెప్పు కరిస్తే కాలు కోసుకోమన్నట్టుంది. నాకు అక్కడే చిర్రెత్తింది. రమ్య నన్ను బండి ముందువైపుకి తీసుకెళ్ళి చూపించింది. బంపరు కుడి మూల సగం ఊడి వేలాడుతోంది. గుండుగొలను దగ్గర హైవే దాటి డివైడర్ సందులోకి వెళ్ళాలి. ఖాళీ చూసుకుని తొక్కిందట. బండి ముక్కు రోడ్డు మీదికి వెళ్ళి ఆగిపోయిందట. కుడివైపు నుంచి వచ్చిన లారీవాడు పక్కకి కోశాడు కాబట్టి బంపరుతో పోయింది. ఒక అడుగు ముందుంటే ఈ పిల్ల నా ముందు నిలబడి మాట్లాడేది కాదు.

చివరికి సత్యవతమ్మగారు ఒక్క మాట అడిగారు. "బాగుచేస్తే బండి మొత్తం మారిపోతుందాండీ?"

"మారడానికే కదమ్మా తెచ్చారు" అన్నాను విసుగ్గా.

నడిపి చూద్దామని ఆవిడ చేతిలోని తాళం తీసుకుని ఎక్కాను. బటన్ నొక్కగానే సీటు నన్ను కూర్చోబెట్టుకునే వెనక్కి జరగడం మొదలుపెట్టింది. మెల్లగా, సన్నగా మూలుగుతూ జరిగి, నా కాళ్ళు పెడళ్ళకి అందీ అందని చోట ఆగింది. "అది నాన్నగారి తాళం అంకుల్" అంది వెనక నుంచి రమ్య. "దాంతో స్టార్ట్ చేస్తే సీటు ఆయన కొలతకి వెళ్ళిపోతుంది." కొత్త బండ్లలో ఈ ఏర్పాటు ఉంటుందని నాకు తెలుసు. తెలిసినా ఒక క్షణం ఆ సీట్లో కూర్చోబుద్ధి కాలేదు.

నడిపాను. రమ్య చెప్పింది నిజమే. నేను నొక్కుతున్నాను, బండి రెండు లెక్కపెట్టేదాకా ఆగుతోంది. ఎన్నో గేరుబాక్సులు చూశాను గానీ ఇలాంటిది చూడలేదు. పాడైన గేరుబాక్సు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చేస్తుంది. ఇది ప్రతిసారీ సరిగ్గా అంతే ఆగుతోంది. నా కాలి కింద ఇంకో కాలు ఉండి, దాని తీరులో అది నొక్కుతున్నట్టుంది.

షెడ్డుకి తెచ్చి, బండి కంప్యూటరుని చదివే స్కానరు పెట్టాను. ఈ కొత్త గేరుబాక్సులు తమని నడిపే కాలిని నేర్చుకుంటాయి. ఎంత నొక్కుతాడు, ఎంతసేపు ఆగుతాడు, ఎప్పుడు తొందరపడతాడు, అంతా అంకెల్లో దాచుకుంటాయి. దాన్నిబట్టి గేరు వేస్తాయి. ఇందులో ఉన్న అంకెలు చెరువు గట్టు మీద నడిచే మనిషివి. ఇతనికి తొందర లేదు, ఆగి నొక్కుతాడు, తను కూడా ఆగాలి, అని బండి నేర్చుకుని కూర్చుంది. నాకు ఆశ్చర్యం వేసింది ఒక్కటే. మనిషి పోయి ఏడు నెలలైంది. అప్పటి నుంచీ రమ్య నడుపుతోంది. ఈపాటికి రమ్య కాలిని నేర్చుకుని ఉండాలి కదా.

సరే, నేర్చుకున్నదంతా చెరిపేశాను. నలభై కిలోమీటర్లు నేనే నడిపి కొత్తగా నేర్పాను. వెన్నలా వెళ్ళింది. పది రోజులకి రమ్య మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే ఆగడం. స్కానరు పెట్టి చూద్దును కదా, అవే అంకెలు. ఇంచుమించుగా అవే కాదు, అచ్చంగా అవే. మళ్ళీ చెరిపాను. నవంబరు మధ్యకి మళ్ళీ వచ్చాయి. ఆ రోజంతా షెడ్డు మూలన ఆ బండి నిలబడి ఉంటే దానికి వీపు పెట్టి పని చేయలేకపోయాను.

మూడోసారి చెరిపినప్పుడు ఒక పని చేశాను. మీటరు ఎంత తిరిగిందో గోడ మీద రాసి పెట్టుకున్నాను. డిసెంబరు మొదట్లో బండి తిరిగి రాగానే చూశాను. రమ్య కాలేజీకి రావడానికి, పోవడానికి అయ్యేదాని కంటే రోజుకి తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది.

"ఈ బండి ఇంకెవరైనా తీస్తున్నారా అమ్మా?" అని అడిగాను.

"ఎవరూ లేరండి" అన్నారు సత్యవతమ్మగారు. "పిల్ల కాలేజీకి తీసుకెళ్ళి తెస్తుంది. రాత్రి ఇంటి ముందు పెట్టేస్తామండి. దాన్ని ఎవరూ ముట్టుకోరు."

అలా చెబుతున్నప్పుడు ఆవిడ నా ముఖం వైపు చూడలేదు. రమ్య మాత్రం నిజంగానే ఆశ్చర్యపోయింది. కారణం తేలాకే మళ్ళీ చెరుపుతానని, అందాకా జాగ్రత్తగా నడపమని చెప్పి బండిని అలాగే పంపేశాను.

ఆ ఆదివారం చర్చి అయ్యాక స్కూటరు మీద వాళ్ళ చెరువులకి వెళ్ళాను. కాపలా మనిషి అప్పారావు పాక ముందు వల బాగుచేసుకుంటున్నాడు. అరవై ఏళ్ళవాడు, వీర్రాజుగారి దగ్గర మొదటి నుంచీ ఉన్నవాడు. నేను బండి సంగతి ఎత్తగానే వల కింద పెట్టేశాడు.

"మేస్త్రీగారండీ, మీరు నమ్మరని తెలుసండి. అయ్యగారు రోజూ వస్తున్నారండి" అన్నాడు.

"తాగి ఉన్నావా?"

"మానేసి ఏడాదైందండి. తెల్లవారుజామున మంచులో బండి వస్తుందండి. దీపాలుండవు. ఆయన ఆగే ప్రతి తూము దగ్గరా ఆగుతుందండి. ఆగి, ఆయనలాగే కాస్త కదిలి, ఆగి, వెళ్తుందండి. ఒకరోజు ధైర్యం చేసి దగ్గరికెళ్ళి చూశానండి. డ్రైవరు సీట్లో ఎవరూ లేరండి. ఉత్త స్టీరింగే ఉందండి. చేపలు కూడా నీళ్ళ పైకి లేస్తున్నాయండి, ఆయన బండి చప్పుడుకి లేచినట్టే."

వాణ్ణి తిట్టాను. బుద్ధిలేదా అన్నాను. అయినా బండి ఎన్నింటికి వస్తుందో అడిగి తెలుసుకునే స్కూటరు ఎక్కాను.

మర్నాడు ఐదున్నరకి మూడో చెరువు గట్టు మీద నిలబడ్డాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే చెరువు నీళ్ళెక్కడ ఆగాయో, గట్టు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఎక్కడో గూడబాతులు రెక్కలు కొట్టుకుంటున్నాయి. చాలాసేపు ఏమీ లేదు. అంతా పిచ్చి, ఇంటికి పోయి కాఫీ తాగుదామనుకుంటుండగా ఇంజను చప్పుడు వినిపించింది.

కాస్త ఎత్తుకుంది. ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది. నేను ఇన్నాళ్ళూ అంకెల్లో చూసింది ఇప్పుడు చెవులతో వింటున్నాను. మంచులోంచి బండి ముఖం బయటపడింది. దీపాలు లేవు. నా దగ్గరికి ఇరవై అడుగుల్లో ఆగింది. అద్దంలోంచి చూస్తే సీటు ఉంది, స్టీరింగ్ ఉంది. మనిషి తల లేదు.

అప్పుడే గట్టు అంచున నీళ్ళు కదిలాయి. ఒకటి, రెండు, పది, ఆ తర్వాత ఎన్నో తెలియదు. శీలావతి, బొచ్చె చేపలు నోళ్ళు పైకి తెరిచి బండి వైపు తోసుకొచ్చాయి. మేత సంచి ఒక్కటీ పడలేదు. పడవ ఒడ్డుకే కట్టి ఉంది. ఆ నోళ్ళు తెరుచుకుని మూసుకునే చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి ఒక బండి ముందు నిలబడి ప్రార్థన చేసుకున్నాను. సిగ్గుపడకుండానే చెబుతున్నాను, నాకు భయమేసింది.

బండి తలుపు తెరుచుకుంది. ముందుగా ఒక మగవాళ్ళ తోలు చెప్పు కనిపించింది. ఆ చెప్పులో చిన్న పాదం. సత్యవతమ్మగారు దిగారు.

వెనక్కి జరిగిపోయిన ఆ సీట్లో, ముందు అంచున కిందికి జారి, స్టీరింగు కమ్మీల మధ్య నుంచి చూస్తూ నడుపుతున్నారు. బయటివాళ్ళకి ఆవిడ తల ఎలా కనిపిస్తుంది? సీటు ముందుకి జరుపుకోవచ్చు కదా అన్నాను. ఆ సమయంలో నాకు తోచింది అదొక్కటే.

"జరిపితే ఆయన కొలత చెరిగిపోతుందండి" అన్నారు.

ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. చేపలు ఇంకా వెళ్ళలేదు.

"మొదట ఊరికే ఒకరోజు తీశానండి" అన్నారు ఆవిడ. "నొక్కగానే ఆగింది. ఆయన ఆగినట్టే. గుండె ఆగిపోయిందనుకున్నానండి. ఇంట్లో ఆయన ఫోటో ఉంది, చొక్కాలున్నాయి, కళ్ళజోడుంది. వాటిలో ఏదీ కదలదు. ఇదొక్కటే ఆయనలా కదులుతుందండి. అప్పటి నుంచీ రోజూ తెల్లవారుజామున తీసి, పిల్ల లేచేలోపు ఇంటి ముందు పెట్టేస్తున్నానండి. మీరు చెరిపేశారని పిల్ల చెప్పినప్పుడు మళ్ళీ నేర్పాలనుకున్నాను. ఆయన చెప్పులేసుకుని, ఆయన ఎలా నొక్కేవారో అలాగే నొక్కుతూ, రోజూ తిప్పుతున్నానండి. పది రోజులకి ఆయన మళ్ళీ వస్తారు."

చెరిపిన ప్రతిసారీ అచ్చంగా అవే అంకెలు ఎలా వచ్చాయో అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్ళకి పైగా పక్క సీట్లో కూర్చుని చూసిన కాలు అది. పొల్లు పోకుండా దింపేశారు.

నాకు జాలేసింది, దాని వెంటనే కోపం కూడా వచ్చింది. "మీరు ఇక్కడ ఆయన్ని నేర్పుతున్నారు, అక్కడ హైవే మీద పిల్ల తొక్కితే బండి కదలట్లేదు. బంపరు చూశారు కదమ్మా. ఈసారి బంపరుతో పోదు."

"దాన్ని బస్సులో వెళ్ళమంటానండి."

"ఎందుకు వెళ్ళాలో కూడా చెప్పండి మరి."

రమ్యకి చెప్పడమంటే చెరిపేయడానికి ఒప్పుకోవడమే. అది ఇద్దరికీ తెలుసు.

నా స్కూటరు అప్పారావు పాక దగ్గర వదిలి, ఎనిమిదింటికి ముగ్గురం అదే బండిలో బయల్దేరాం. ఆవిడ ఒప్పుకోకుండా చెరిపితే మళ్ళీ నేర్పేస్తారు, అందుకని అందాకా బండిని నా దగ్గరే ఉంచుకుందామనుకున్నాను; దాన్ని షెడ్డులో దింపి రమ్య కాలేజీకి వెళ్ళాలి. నేను నడుపుతానంటే, "రోజూ వెళ్ళే దారే కదా అంకుల్" అని తన తాళంతో తనే ఎక్కింది. పట్టుబట్టకపోవడం నా తప్పు. తల్లి పక్కన కూర్చున్నారు, నేను వెనక. సత్యవతమ్మగారు దారి పొడుగునా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కూతురికి ఏమీ చెప్పలేదు.

గుండుగొలను దగ్గర హైవే అంచున ఆగాం. మంచు పూర్తిగా విడవలేదు. "బాగా ఖాళీ ఉంటేనే తియ్యమ్మా" అన్నాను. రమ్య చాలాసేపు చూసింది. ఒక బస్సు మెల్లగా వచ్చి పక్కన ఆగింది. దాని వెనక ఇంకేదీ వస్తున్నట్టు కనిపించలేదు. రమ్య తొక్కింది.

బండి ముక్కు రోడ్డు మీదికి వెళ్ళి ఆగింది. బస్సు వెనక నుంచి లారీ బయటికొచ్చింది. రమ్య కాలు నేలకి ఆనేదాకా తొక్కుతోంది, వెనక సీట్లోంచి నాకు కనిపిస్తోంది. ఇంజను ఆలోచిస్తోంది. హారను చెవులు పగిలేలా మోగింది.

"వదలండి!" అని అరిచారు సత్యవతమ్మగారు. నాతో కాదు, రమ్యతో కాదు. కూతురి కాళ్ళ దగ్గరికి, ఆ పెడళ్ళ వైపు వంగి అరిచారు. "పిల్లని వదలండి, ఏవండీ, దాన్ని వెళ్ళనివ్వండి!"

బండి దూకింది. లారీ మా వెనక అద్దాన్ని గాలితో కొట్టి వెళ్ళిపోయింది. రెండు లెక్కపెట్టడం అయింది కాబట్టి దూకింది. నేను మెకానిక్కుని, నేను చెప్పేది అదే. ఎవరైనా ఇంకోలా అనుకుంటే వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు.

అవతలి పక్క మట్టి అంచున బండి ఆపించాను. రమ్య ఇంజను కట్టేసింది. కాస్త తేరుకున్నాక తల్లి వైపు తిరిగింది. "ఎవరితో అన్నావమ్మా ఆ మాట?"

అప్పుడు చెప్పారు. తెల్లవారుజాము గట్లు, చెప్పులు, సీటు, అన్నీ. దాచకుండా చెప్పారు. రమ్య వింటూ మధ్యలో ఒక్కసారి మాత్రం అడిగింది, "నాకెందుకు చెప్పలేదు?" అని.

"చెప్తే చెరిపెయ్యమంటావని" అన్నారు ఆవిడ. తర్వాత నా వైపు తిరిగారు. "ఆ మిషను మీ దగ్గరుందాండీ?"

సంచీలోంచి స్కానరు తీసి బండికి తగిలించాను. నేర్చుకున్నవన్నీ చెరిపేయమంటారా అని తెర మీద అడిగింది. నేను నొక్కబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఏది నొక్కాలో చూపించమన్నారు. చూపించాను. ఆవిడే బొటనవేలితో నొక్కారు. ఆగలేదు, ఒక్కసారే నొక్కారు. పది క్షణాల్లో ఆ పని అయిపోయింది.

"ఇప్పుడిది ఏ కాలినైనా నేర్చుకుంటుంది రమ్యా" అన్నాను. "ఇవాళ కాలేజీకి రావట్లేదని ఫోన్ చేసి చెప్పు. నల్లజర్ల దాకా వెళ్ళి రా. నువ్వెలా నడుపుతావో అలాగే నడుపు. మధ్యలో ఇంకెవరి చేతికీ ఇవ్వకు."

"నువ్వూ రా అమ్మా" అంది రమ్య.

"నేను రాను. నువ్వొక్కదానివే వెళ్ళు" అని సత్యవతమ్మగారు దిగిపోయారు. నేను కూడా దిగాను.

రమ్య అద్దంలో వెనక్కి చూసుకుని తొక్కింది. బండి అలా తొక్కగానే అలా కదిలింది. ఎక్కడా ఆగలేదు, అదరలేదు. రోడ్డు మీదికి జారి, వేగం అందుకుని, మంచులో కలిసిపోయింది. ఇంత మంచి పని చేసి ఇంత దిగులుపడ్డ రోజు నాకు ఇంకొకటి లేదు.

సత్యవతమ్మగారు ఆ రోడ్డు వైపే చూస్తున్నారు.

"మార్చిలో పోయారని అందరూ అన్నారండి" అన్నారు. "కాల్చి వచ్చారు, పదో రోజు చేశారు, పెద్దకర్మ చేశారు. నేను నిలబడి చూశాను, అంతే. ఇవాళ పోయారండి."

అని రోడ్డు పక్కన మట్టిలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, గొంతెత్తి ఏడ్చారు. లారీలు పోతూనే ఉన్నాయి. నేను పక్కనే కూర్చున్నాను, రమ్య తిరిగి వచ్చేదాకా.